అటక ఖాళీ చేయడం: ఏ సామాను ఎటు పోవాలి

అటక మీది సామాను దించడం ఒక పూట పని. దించింది ఇల్లు దాటడానికే నెలలు పడుతుంది. ఆదివారం పొద్దున హుషారుగా మొదలుపెట్టి, సాయంత్రానికి హాలు నిండా మూటలు పేర్చి, రాత్రి కంచాలు పెట్టుకోవడానికి చోటు లేక సగం మళ్లీ పైకెక్కించి, మిగతా సగం మెట్ల కిందకు తోసేసే ఇళ్లే ఎక్కువ. ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోలేకే ఇలా అవుతోందని అందరూ అనుకుంటారు. తేల్చుకున్న సామాను కూడా గుమ్మం దగ్గరే ఆగిపోతోంది కదా, దాని సంగతేమిటి? ఎవరు, ఏ రోజు, దేంట్లో తీసుకెళ్తారో ముందు అనుకోకపోవడమే అసలు అడ్డంకి. అందుకని సామాను పోయే దారులు ముందు చూసుకుని, ఆ తర్వాతే నిచ్చెన వేయాలి.

వారం ముందు చేసుకోవాల్సినవి

దగ్గరలోని పాత ఇనప సామాన్ల కొట్లు రెండింటికి ఫోన్ చేయండి. ఇనుము, అల్యూమినియం, ఇత్తడి, రాగి, న్యూస్‌పేపరు, పుస్తకాలు, అట్టపెట్టెలు, వీటిలో ఒక్కోటి కిలో ఎంతకు తీసుకుంటారో విడివిడిగా అడిగి రాసుకోండి. ఈ ధరలు మార్కెట్టును బట్టి మారుతుంటాయి కాబట్టి పోయిన ఏడాది లెక్క పనికిరాదు. ఇంటికొచ్చి తీసుకెళ్తారా, కనీసం ఎన్ని కిలోలుంటే వస్తారు అన్నది కూడా అప్పుడే అడగాలి. బట్టలు తీసుకునే ఆశ్రమమో సంస్థో ఉంటే ఏ రోజుల్లో తీసుకుంటారో, ఏవి వద్దంటారో కనుక్కోండి. ఎలక్ట్రానిక్ చెత్త సంగతి కింద చెబుతాం.

కావాల్సిన సరంజామా చాలా తక్కువ: ఆరు గోనె సంచులు, మార్కర్ పెన్ను, వెడల్పు టేపు, ముక్కుకు మాస్కు, టార్చిలైటు, చిన్న అయస్కాంతం, వేలాడదీసి తూచే చిన్న డిజిటల్ కాటా. కొత్త ప్లాస్టిక్ బుట్టలు, మూతల డబ్బాలు మాత్రం ఇప్పుడు కొనకండి. సర్దే పని పేరుతో ఇంట్లోకి ఇంకో పది వస్తువులు రావడం ఇక్కడే మొదలవుతుంది. మిగిలింది ఎంతో తేలాక, అది పట్టే డబ్బాలు ఇంట్లోనే దొరుకుతాయి.

ప్రతి సంచి మీద రెండు విషయాలు రాయాలి: ఎటు పోతుంది, ఏ తేదీలోపు పోతుంది. గడువు వారం దాటకూడదు. దాటిందంటే ఎవరో ఒకరు మూట విప్పి చూస్తారు, అందులోంచి నాలుగు వస్తువులు లోపలికి తిరిగొస్తాయి.

అటకతో మొదలుపెట్టకండి

పేరుకు అటక ఖాళీ చేయడమే అయినా మొదటి రోజు అటక జోలికి పోవద్దు. మనసు పీకని వస్తువులతో చెయ్యి తిరగాలి. అట్టపెట్టెలు, ప్లాస్టిక్ డబ్బాలు, కాలం చెల్లిన మందులు, తెగిన చార్జర్లు ముందు. వంటింటి గిన్నెలు, బట్టలు, పుస్తకాలు తర్వాత. కాగితాలు ఆ పైన. పూజ సామాను, ఫొటోలు, పోయినవాళ్ల వస్తువులు అన్నిటికన్నా చివర. ఈ వరుస తిప్పి ఆల్బమ్‌తో మొదలుపెట్టారంటే ఆ రోజు అక్కడితో సరి.

ఒక విడతకు రెండు గంటలు, ఒక అర లేదా ఒక సొరుగు. పూర్తిగా కిందికి దించి, గుడ్డతో తుడిచి, ఉండాల్సినవే తిరిగి పెట్టాలి. అర లోపల చేతులు పెట్టి అటూ ఇటూ జరిపితే తీసేసేది ఏమీ ఉండదు.

టీవీ, మిక్సీ, ఫోన్ల అట్టపెట్టెల విషయంలో చాలామందికి వారంటీ భయం. షాపుకు వెనక్కిచ్చే గడువు ముగిసేదాకా పెట్టె ఉంచండి. ఆ తర్వాత వారంటీకి మామూలుగా అడిగేది బిల్లు, సీరియల్ నంబరు. బిల్లు వేడికి అచ్చయ్యే కాగితం మీద ఉంటే కొన్నాళ్లకు అక్షరాలు చెరిగిపోతాయి కాబట్టి కొన్న రోజే ఫొటో తీసి పెట్టుకోవాలి. అద్దె ఇళ్లు తరచూ మారేవాళ్లు టీవీ పెట్టె ఒక్కటి ఉంచుకోవచ్చు.

ప్లాస్టిక్ డబ్బాలకు ఒకటే పరీక్ష. ఇంట్లో ఉన్న డబ్బాలూ మూతలూ అన్నీ నేల మీద పరిచి జత కలపండి. జత కుదరనివి, పసుపు మరకలు పట్టి జిడ్డు వదలనివి, హోటల్ పార్సెల్‌తో వచ్చిన పల్చటివి వెళ్లిపోవాలి. ఊరగాయ జాడీలను మాత్రం తొందరపడి తీసేయొద్దు. జాడీలో నీళ్లు నింపి రాత్రంతా పాత న్యూస్‌పేపరు మీద పెట్టండి. పొద్దున కాగితం తడిసి ఉంటే కంటికి కనిపించని బీట ఉన్నట్టు, అందులో ఆవకాయ పెడితే నూనె బయటికి ఊరుతుంది. తడవకపోతే జాడీ బాగున్నట్టే, ఉంచుకోండి, అలాంటిది మళ్లీ కొనడం దండగ.

ఏడాది లెక్క మన ఇళ్లకు కుదరదు

ఏడాదిగా ముట్టుకోని వస్తువు తీసేయాలన్న సూత్రం ఎక్కడ చూసినా వినిపిస్తుంది. వినాయకచవితి పాలవెల్లి, బొమ్మల కొలువు బొమ్మలు, జంతికల గొట్టం, అరిసెలు వత్తే చెక్కలు ఏడాదికి ఒక్కసారే కిందికి దిగుతాయి. ఆ ఏడు మైల వచ్చిందంటే అదీ లేదు. కాబట్టి పండగ సామానుకు రెండేళ్లు లెక్క పెట్టుకోండి. వరసగా రెండు పండగలకు తీయనిదైతే మూడోసారీ తీయరు. మామూలు వాడకం వస్తువులకు ఏడాది లెక్కే సరిపోతుంది.

పెద్ద గంగాళాలు, యాభై మందికి వండే డేగిసాలు, బూందీ చట్రాలు రెండేళ్ల లెక్కలో నెగ్గినా ఉంచాల్సిన పని లేదు. పల్లెలో కూడా టెంట్ హౌస్ వాళ్లు ఇవి రోజు అద్దెకు ఇస్తున్నారు. ఇంట్లో ఇప్పుడు అంతమందికి వండేవాళ్లు ఉన్నారా లేదా అన్నది చూసుకోండి.

గిన్నెలు: కాటాకు వేసే ముందు

పాత సామాన్ల కొట్టులో అన్నీ కలిపి ఒక మూటగా ఇస్తే అందులో అన్నిటికన్నా చవకైన లోహం ధరే కడతారు. అయస్కాంతం తెచ్చుకోమన్నది ఇందుకే. అతుక్కుంటే ఇనుము, లేదా ఇత్తడి పూత పూసిన ఇనుము. చూడ్డానికి పచ్చగా మెరిసే దీపపు సెమ్మెల్లో ఈ రకం చాలా ఉంటాయి. ఇత్తడి, రాగి, కంచు, అల్యూమినియం ఏవీ అతుక్కోవు. వంటింటి స్టీలు గిన్నెలు ఎక్కువగా అతుక్కోవు గానీ కొన్ని రకాలు అతుక్కుంటాయి, అవి ఇనుములో కలిసిపోకుండా చూడాలి. కంచుకూ ఇత్తడికీ తేడా పట్టడానికి గిన్నెను వేలి మీద నిలబెట్టి చెంచాతో తట్టండి. కంచు సన్నగా, చాలాసేపు మోగుతుంది. ఇత్తడి మోత తొందరగా ఆగిపోతుంది. కంచులో తగరం పాలు ఎక్కువ కాబట్టి దానికి ధరా ఎక్కువే. ఇత్తడి లెక్కలో ఇచ్చేస్తే నష్టం.

మీ కాటాతో ముందే తూచి, సంచి మీద బరువు రాసి, టేపు వేయండి. కొట్టువాడితో గొడవ పెట్టుకోనక్కర్లేదు, రాసిన అంకె కనిపిస్తే చాలు.

ఇత్తడి గిన్నెలు అమ్మాలా వద్దా అన్నదానికి మా మాట ఇది: లోపల కళాయి పోయిన గిన్నెలో పులుసు, చింతపండు చారు వండకూడదు, పులుపుకు లోహం దిగుతుంది. కళాయి వేయించి నెలకు రెండుసార్లయినా వాడతారనుకుంటే ఉంచండి. లేకపోతే ఒక బిందె, ఒక చెంబు గుర్తుకు పెట్టుకుని మిగతావి ఇచ్చేయండి. పెళ్లి సారెలో వచ్చి పేర్లు చెక్కి ఉన్న స్టీలు పళ్లేలు అమ్మేకన్నా చుట్టాల్లో కొత్తగా కాపురం పెట్టినవాళ్లకు, చదువుకు గది తీసుకున్న పిల్లలకు ఇవ్వడం మేలు. స్టీలు సామాను తుక్కు కింద పలికే ధర చాలా తక్కువ.

పూత లేచిన నాన్‌స్టిక్ పెనం, అడుగు గుంతలు పడ్డ అల్యూమినియం గిన్నె ఎవరికీ దానం చేయొద్దు. మనం వాడలేనిది వాళ్లూ వాడకూడదు. నేరుగా తుక్కులోకే.

రిటర్న్ గిఫ్టుల అర

ప్లాస్టిక్ బుట్టలు, కుంకుమ భరిణెలు, చిన్న గిన్నెలు, వీటన్నిటినీ మించి జాకెట్ ముక్కలు. తాంబూలంలో వచ్చిన ముక్క మళ్లీ తాంబూలంలోనే పోవడం అందరికీ తెలిసిన రహస్యం, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. చేయాల్సిందల్లా ముక్కకు చిన్న చీటీ పెట్టి ఎవరిచ్చారో రాయడం. లేకపోతే వాళ్లదే వాళ్లకు చేరుతుంది. విప్పి కొలవండి, 80 సెంటీమీటర్లకు తక్కువైతే చాలామందికి జాకెట్టు రాదు. అలాంటివి గలీబుల అంచులకు, సంచులకు పనికొస్తాయని టైలర్లు తీసుకుంటారు. ఏడాదిలో ఎన్ని పేరంటాలు చేస్తారో అన్నిటికి సరిపడా ముక్కలు ఉంచుకుని మిగతావి కదిలించండి.

బట్టలు, పట్టుచీరలు

ఇచ్చే బట్టలు ఉతికి, ఆరేసి, మగ, ఆడ, పిల్లలవని విడదీసి, సంచి మీద సైజు రాసి ఇస్తే వెంటనే వాడకంలోకి వెళ్తాయి. కలగలిపి కుక్కిన మూటలు తీసుకున్నచోట కూడా మూలనే పడుంటాయి. చిరిగినవి, లోదుస్తులు, రంగు దిగేవి ఇవ్వొద్దు. మెత్తటి నూలు పంచెలు, చీరలు తుడుపు గుడ్డలవుతాయి. ఇంటికి పది చాలు, మిగతావి మోటార్‌సైకిల్ మెకానిక్కులు తీసుకుంటారు. సింథటిక్ చీర నీరు పీల్చదు కాబట్టి తుడుపుకు కుదరదు. నూలు చీరలు ఆరేడు ఉంటే బొంత కుట్టించుకోవచ్చు. వీధుల్లోకి పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు వస్తే సంతోషమే గానీ, ఒక మాట: గిన్నెలు తీసేయడానికే కదా ఈ తంటా అంతా. డబ్బివ్వమనో, బదులుగా ఏమీ వద్దనో చెప్పండి.

పాత పట్టుచీరలు జరీ కోసం కొనేవాళ్లకు అమ్మే ముందు ఒక పోగు పరీక్ష చేయండి. లోపలి వైపు అంచు నుంచి జరీ పోగు ఒకటి లాగి గోటితో గీకితే అసలు జరీలో తీగ కింద ఎర్రటి పట్టు దారం కనిపిస్తుంది. నకిలీ జరీలో రాగి రంగు తీగో, ప్లాస్టిక్ మెరుపో బయటపడుతుంది. అసలుదైతే అందులో వెండి ఉంటుంది, ముగ్గురినన్నా అడగకుండా ఇవ్వకండి. ఉంచుకునే చీరలను పాత నూలు గుడ్డలో చుట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చాలి. ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉంటే ఆ గీత వెంటే చీర చిరుగుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వొద్దు, నల్లబడుతుంది.

కాగితాల దగ్గర తొందర పనికిరాదు

ఈ ఒక్క చోటే నెమ్మదిగా వెళ్లాలి. బీరువా అడుగున, పరుపు కింద, పాత ట్రంకు పెట్టెలో దొరికే కాగితం ఏదైనా చదవకుండా కదిలించొద్దు.

ఎప్పటికీ ఉంచాల్సినవి: రిజిస్ట్రీ దస్తావేజులు, వాటికి ముందరి లింకు డాక్యుమెంట్లు, పట్టాదారు పాసుపుస్తకాలు, పాత పహాణీలు, అడంగళ్లు (భూమి ఎవరి సాగులో ఉందో రాసే గ్రామ లెక్కలు), శిస్తు రసీదులు, పంపకాల కాగితాలు, వీలునామాలు, జనన మరణ ధ్రువపత్రాలు, చదువు సర్టిఫికెట్లు. తెలంగాణలో భూమి తగాదాలు వచ్చినప్పుడు 1954-55 నాటి ఖాస్రా పహాణీ దాకా వెనక్కి వెళ్లి చూస్తారు. తాతల నాటి పచ్చబడ్డ కాగితం ఎంత ముఖ్యమో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు. వీటిని స్కాన్ చేసినా అసలు పత్రాలు పోగొట్టుకోకూడదు. లామినేషన్ చేయించవద్దు, ముద్రలు, వెనక రాతలు పరిశీలించడం కష్టమవుతుంది, మళ్లీ ఊడదీస్తే కాగితం చిరుగుతుంది.

ఆదాయపు పన్ను రిటర్నులు, వాటి తాలూకు ఆధారాలు ఎనిమిదేళ్లు ఉంచితే నిశ్చింత. ఇంటి పన్ను రసీదులు అన్నీ ఉంచండి, ఇల్లు అమ్మేటప్పుడు అడుగుతారు. కరెంటు బిల్లులు ఏడాదివి చాలు. కట్టేసిన లోన్‌కు బాకీ లేదని ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ ఉంచి వాయిదా రసీదులు తీసేయొచ్చు.

దుమ్ములో డబ్బు కూడా దొరకొచ్చు. పాత బ్యాంకు పాసుపుస్తకం, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు కనిపిస్తే చించకండి. పదేళ్లు లావాదేవీలు లేని ఖాతాల సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది గానీ, ఖాతాదారుకో వారసులకో హక్కు పోదు. ఆ బ్యాంకులోనే అడిగి తీసుకోవచ్చు. ఏ బ్యాంకులో ఉందో తెలియకపోతే వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ తెచ్చింది. కాగితం రూపంలోని షేర్లూ అంతే. 2019 ఏప్రిల్ 1 నుంచి వాటిని డీమ్యాట్‌లోకి, అంటే షేర్లను కంప్యూటర్ లెక్కలో ఉంచే ఖాతాలోకి, మార్చకుండా అమ్మడం కుదరదు, ఏడేళ్లు వరసగా డివిడెండు తీసుకోకపోతే షేర్లు ప్రభుత్వ నిధికి వెళ్తాయి. అక్కడి నుంచీ వెనక్కి తెచ్చుకునే పద్ధతి ఉంది. 2016లో రద్దయిన 500, 1000 నోట్లు మడతల్లో దొరికితే మాత్రం వాటికి విలువ లేదు, పైగా పదికి మించి దగ్గర ఉంచుకుంటే జరిమానా పడే చట్టం 2017లో వచ్చింది.

తీసేసే కాగితాల్లో ఆధార్, పాన్ జిరాక్సులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాత చెక్కుబుక్కులు తుక్కు కాగితంతో కలపొద్దు. తూకానికి ఇచ్చిన కాగితం మిరపకాయ బజ్జీల పొట్లమై ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు. నంబరు, సంతకం ఉన్న భాగాన్ని చించి, బకెట్ నీళ్లలో రాత్రంతా నానబెట్టి పిసికేస్తే సరిపోతుంది.

పుస్తకాలను బరువుకు అమ్మే ముందు ఒకసారి చూడండి. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, కోఠీలో, విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు కొనేవాళ్లున్నారు. స్వాతంత్ర్యానికి ముందు అచ్చయిన తెలుగు పుస్తకమో పత్రికల బైండో అయితే హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి చోట్ల కావాలేమో అడగండి. చెదలు కనిపించిన పుస్తకం మాత్రం వేరే వాటితో కలిపి పంపకూడదు.

కరెంటు సామాను, మందులు, యాసిడ్

పాత ఫోన్ ఇచ్చే ముందు వరుస ముఖ్యం: ఫొటోలు కాపీ చేయాలి, సిమ్, మెమరీ కార్డు తీయాలి, గూగుల్ ఖాతా లోంచి బయటికి రావాలి, అప్పుడు ఫ్యాక్టరీ రీసెట్. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే ఫోన్ పాత పాస్‌వర్డ్ అడుగుతూ తాళం పడి ఎవరికీ పనికిరాకుండా పోవచ్చు. కంప్యూటర్ హార్డ్ డిస్కులో ఫైళ్లు డిలీట్ చేస్తే చెరిగిపోవు. డిస్కు బయటికి తీసి ఉంచుకోండి, లేదా మేకు దింపి పాడుచేయించండి.

ఎలక్ట్రానిక్ చెత్తను తయారీ కంపెనీలే రిజిస్టరయిన రీసైక్లర్ల ద్వారా శుద్ధి చేయించాలని 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి బ్రాండు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఎక్కడ ఇవ్వాలో అడగొచ్చు. డబ్బా టీవీల గాజులో సీసం ఉంటుంది, పగలగొట్టి రాగి తీసుకునేవాళ్లకు ఇవ్వొద్దు. ఇన్వర్టర్ బ్యాటరీ కొత్తది కొనేటప్పుడు ఇస్తే ధరలో తగ్గిస్తారు. ఉబ్బిన ఫోన్ బ్యాటరీ గుచ్చుకున్నా నలిగినా మంటలంటుకుంటాయి. పొడి ఇసుక డబ్బాలో విడిగా ఉంచి సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. ట్యూబ్‌లైట్లు, పాత సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి కాసేపు బయటికి వెళ్లి, తర్వాత అట్టముక్కతో ఎత్తి, చివరి పొడిని టేపుతో అద్ది తీయాలి, చీపురుతో ఊడవకూడదు.

మందులు స్ట్రిప్‌లోంచి తీసి, వాడేసిన టీ పొడిలో కలిపి, కవర్లో కట్టి, హానికర చెత్తగా మున్సిపాలిటీ బండికి విడిగా ఇవ్వాలి. ఇన్సులిన్ సూదులు గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి, పైన రాసి ఇవ్వండి. బాత్రూమ్ యాసిడ్ మిగిలింది కదా అని బ్లీచింగ్ పౌడరుతో కలిపి ఒకేసారి పారబోయవద్దు, క్లోరిన్ వాయువు పుడుతుంది.

భోగి మంటలో వేసేస్తే సరి అని దాచేవాళ్లుంటారు. రంగు, సన్మైకా లేని ఉత్త కర్ర వేయొచ్చు. ప్లైవుడ్, పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే పొద్దున్నే పిల్లలు, పెద్దవాళ్లు ఆ పొగ పీలుస్తారు.

పూజ గది, పెద్దవాళ్లు

దేవుడి పటాలు రావిచెట్టు కింద వదిలేస్తే గాజు పగిలి ఎవరి కాలికో గుచ్చుకుంటుంది. పటం వెనక మేకులు తీసి మూడు భాగాలు చేయండి. గాజును న్యూస్‌పేపర్లో చుట్టి, టేపు వేసి, గాజు అని రాసి పొడి చెత్తలో ఇవ్వాలి. ఫ్రేము కర్రయితే కర్రలో. పటం కాగితాన్ని శుభ్రమైన బకెట్‌లో నానబెట్టి, గుజ్జయ్యాక చెట్టు మొదట్లో మట్టి తీసి కప్పేయొచ్చు. ప్లాస్టిక్ పూత ఉన్నది కరగదు, అలాంటివి తీసుకుంటారా అని గుడిలో ముందు అడగాలి. పెళ్లి శుభలేఖల మీది వినాయకుడి బొమ్మకూ ఇదే పద్ధతి: బొమ్మ వరకు కత్తిరించి, మిగతా అట్ట కాగితంలో వేయండి. ఇత్తడి విగ్రహాలు, విరిగిన కుందులు తుక్కుకు ఇవ్వడానికి మనసొప్పకపోతే కంచరి దగ్గర కరిగించి ఒక దీపం పోయించుకోవచ్చు.

పెళ్లి వీడియో క్యాసెట్ల టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే ప్లేయర్లో పెట్టకండి, టేపూ పాడవుతుంది, ప్లేయర్‌లో టేపును చదివే హెడ్డూ పాడవుతుంది. డిజిటల్‌లోకి మార్చేవాళ్లకు అలాగే ఇవ్వండి.

పెద్దవాళ్లు ఊళ్లో లేనప్పుడు వాళ్ల సామాను తీసేయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. ఆ తర్వాత ఇంట్లో ఏ వస్తువు కనిపించకపోయినా అనుమానం మీ మీదే, మిగతా అటక అసలు కదలనివ్వరు. ‘అమ్మా, ఇది పారేద్దామా?’ అంటే జవాబు ఎప్పుడూ వద్దనే. ‘ఇది ఎవరికిస్తే బాగుంటుందే?’ అని అడగండి. మేనకోడలికనో, పనమ్మాయికనో ఒక పేరు వస్తుంది. పేరు వచ్చిన వస్తువు మీద ఆ పేరు అప్పుడే రాసి, ఆ వారమే చేర్చాలి.

విదేశాల నుంచి రెండు మూడు వారాల సెలవుకొచ్చి అమ్మానాన్నల ఇల్లు మూసేయాల్సినవాళ్లు మొదట్లో చెప్పిన వరుస పాటించలేరు. వాళ్లు కాగితాలతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే బ్యాంకు, సబ్‌రిజిస్ట్రార్, మున్సిపల్ ఆఫీసు పనులకే ఎక్కువ రోజులు పోతాయి. ఫర్నిచర్ అమ్మకం చివరి వారానికి ఉంచొచ్చు. గ్యాస్ కనెక్షన్‌ను మరిచిపోతుంటారు: సిలిండర్లు, రెగ్యులేటర్, కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన సబ్‌స్క్రిప్షన్ వోచర్ తీసుకుని డీలర్ దగ్గర సరెండర్ చేస్తే వోచర్‌లో రాసి ఉన్న డిపాజిట్ తిరిగిస్తారు. కనెక్షన్ ఉన్నవాళ్లు పోయి ఉంటే మరణ ధ్రువపత్రం, వారసుల గుర్తింపు కాగితాలు కూడా వెంట ఉండాలి. రెగ్యులేటర్ పోయినా పాడైనా దాని ఖర్చు డిపాజిట్‌లోంచి తగ్గించే వీలుంది కాబట్టి, తుక్కు సంచుల్లోకి వెళ్లకుండా మొదటి రోజే పక్కన పెట్టుకోండి.